తారు రోడ్డు ర్యాలీకి టైర్లు సిద్ధం చేసుకునే పద్ధతి

తారు రోడ్డు మీద జరిగే కార్ల ర్యాలీ పోటీకి టైరులో గాలి ఎంత పెట్టాలని అడిగితే చాలామంది ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె ఏ వేడి దగ్గర కొలిచిందో చెప్పకపోతే దానివల్ల ప్రయోజనం లేదు. తెల్లవారుజామున చల్లని టైరుకు పెట్టిన గాలి నాలుగైదు కిలోమీటర్లు గట్టిగా నడిపేసరికి ఐదారు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరుగుతుంది, కారు పట్టు నిలబడేదీ జారేదీ ఆ పెరిగిన గాలి మీదే. కాబట్టి టైరు వేడెక్కి స్థిరపడ్డాక గాలి ఎంత ఉండాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి ఉదయం గాలి నింపుకోవాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతి ఎండకూ పలమనేరు తెల్లవారుజాము చలికీ మధ్య తిరిగే మన ప్రాంతపు వారికి ఈ లెక్క మరింత అవసరం.

లెక్క కష్టమైనది కాదు. గేజీ చూపే అంకెకు బయటి గాలి ఒత్తిడి 14.7 కలపాలి, సెంటీగ్రేడు ఉష్ణోగ్రతకు 273 కలపాలి, ఈ రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. వేడి మీద 32 పీఎస్‌ఐ కావాలనీ, టైరు లోపలి గాలి 80 డిగ్రీలకు చేరుతుందనీ అనుకుందాం. టైరు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నింపితే 25.4 పెట్టాలి. చలికాలం ఉదయం 20 డిగ్రీలే ఉంటే 24 చాలు. మధ్యాహ్నం నీడలో ఉన్న టైరే 45 డిగ్రీలకు చేరి ఉంటే 27.4 పెట్టాలి. ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి గాలి తగ్గించాలని మన పంక్చర్ షాపుల్లో చెప్పే మాటకు ఇది ఎదురుగా కనిపిస్తుంది, కానీ అప్పటికే వేడిగా ఉన్న టైరులో ఇక పెరిగేది తక్కువ. ఎండరోజున టైరు చివరికి 90 డిగ్రీల దాకా వెళ్తుందని పాత కొలతలు రాసుకున్న మీ పుస్తకంలో ముందే ఉంటే, ఆ 27.4 కాస్తా 26.2 అవుతుంది. వేడి మీద ఉండవలసిన గాలిని టైరు తయారీదారు ఇచ్చిన సమాచారం నుంచే తీసుకోవాలి. ఇక్కడి 32 చిన్న హ్యాచ్‌బ్యాక్ కారును దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఉదాహరణ మాత్రమే.

గాలి ఎప్పుడూ నీడలోనే నింపాలి. కారు ఒక పక్క ఎండకు నిలబడి ఉంటే ఆ పక్క టైర్లు ఒకటి రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపుతాయి, అది చూసి నాలుగింటినీ సమానం చేశామని తృప్తిపడితే ఆ తేడా స్టేజీలో, అంటే సమయం లెక్కగట్టే పోటీ దారిలో, బయటపడుతుంది. పెట్రోలు బంకులోని గేజీని నమ్మకూడదు. సొంత గేజీ ఒకటి కొని, అన్ని చోట్లా దానితోనే కొలవాలి, ఎందుకంటే ఇక్కడ అంకె కచ్చితంగా ఉండటం కంటే ప్రతిసారీ ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. తిరుపతిలో నింపుకుని పలమనేరు మిట్టకు ఎక్కితే ఎత్తు వల్ల గేజీ సుమారు ఒక పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది, పైన వాతావరణం పది డిగ్రీలు చల్లగా ఉంటే అంతకంటే కొంచెం ఎక్కువే తగ్గుతుంది, కాబట్టి చేరిన చోట మళ్లీ కొలవక తప్పదు. నైట్రోజన్ గురించి ఒక మాట చెప్పాలి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్ వల్ల వచ్చే మేలు దాని పొడిదనమే. కంప్రెసర్‌లో నీరు చేరితే ఆ తేమ ఆవిరై గాలిని లెక్కకు మించి పెంచుతుంది, కాబట్టి కంప్రెసర్ ట్యాంకు నీటిని రోజూ వదిలేసేవారికి మామూలు గాలే సరిపోతుంది.

పెట్టిన గాలి సరిపోయిందా అన్నది టైరునే చూసి తెలుసుకోవాలి. దీనికి అన్నిటికంటే చవకైన పనిముట్టు సుద్దముక్క. ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) అంచు నుంచి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీదకు దిగేలా ప్రతి టైరుకూ మూడు చోట్ల అడ్డంగా గీత గీసి, గట్టిగా నడిపి వచ్చాక చూడండి. గీత ట్రెడ్ అంచు వరకు చెరిగి ఆగితే గాలి సరిపోయినట్టు. సైడ్‌వాల్ మీదకు కూడా చెరిగిపోతే టైరు మలుపుల్లో పక్కకు ఒరుగుతోంది, గాలి పెంచాలి. ట్రెడ్ అంచులో కూడా సుద్ద మిగిలిపోతే గాలి ఎక్కువైంది. సుద్ద తర్వాత సూది ఉన్న పైరోమీటరు (వేడి కొలిచే పరికరం) వాడాలి. సూదిని రబ్బరులోకి దించి లోపలి అంచు, మధ్య, బయటి అంచు అనే మూడు చోట్ల వేడి చూడాలి, అదీ కారు ఆగిన నిమిషంలోపే. మధ్యలో వేడి ఎక్కువగా ఉంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే గాలి తక్కువ. నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రాల పైభాగం లోపలికి వంగి ఉండే అమరిక, పెట్టిన కారుకు లోపలి అంచు బయటి అంచు కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజమే, తేడా మరీ పెరిగితే క్యాంబర్ ఎక్కువైనట్టు. దూరం నుంచి చూపించే లేజర్ తుపాకీ పైపొర వేడినే చెబుతుంది, ఆ పైపొర కారు ఆగీ ఆగకముందే చల్లబడుతుంది.

రబ్బరు ఉపరితలాన్ని వేలితో తడిమి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. అడ్డంగా సన్నని అలల్లా గరుకు తేలితే, చల్లగా ఉన్న రబ్బరు జారుతూ చినిగిందని అర్థం, మెత్తటి రకం వేయాలి లేదా మొదటి మలుపులకు ముందు ఇంకా వేడి చేయాలి. పొక్కులు లేచి గుంటలు పడితే లోపల వేడి హద్దు దాటింది, గట్టి రకానికి మారాలి. రంపపు పళ్లలా ఒక దిక్కుకు పదునుగా అరిగితే తప్పు టో కొలతది, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలతది, అలైన్‌మెంట్ చేయించాలి. ముందు చక్రాలతో నడిచే కారులో లాగే పని, తిప్పే పని, బ్రేకులో అధిక భాగం ముందు టైర్ల మీదే పడతాయి కనుక ముందువి, వెనకవి ఒకే తీరుగా వేడెక్కుతాయని ఆశించకూడదు. ముందు వెనకలకు వేర్వేరుగా లెక్క కట్టాలి.

కొత్త టైర్లను నేరుగా పోటీకి వేయకూడదు. మొదట మెల్లగా, క్రమంగా వేగం పెంచుతూ ఒకసారి బాగా వేడెక్కించి, ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా చల్లారనిస్తే రబ్బరు నిలకడగా పనిచేస్తుంది. ఈ పనికి మనకు దగ్గరలో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు గానీ, భాకరాపేట, మొగిలి ఘాట్లు గానీ సాధనకు తగినవి కావు. అలిపిరి నుంచి కొండకు 28 నిమిషాల కంటే, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు చేరకూడదన్న నిబంధన భక్తుల ప్రాణాల కోసం పెట్టినది, దాన్ని తప్పించుకునే తెలివి డ్రైవింగ్ నైపుణ్యం కాదు. కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద ఉన్న నాలుగంకెల తేదీ చూడాలి: 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రేకుల షెడ్డులో ఒక వేసవి గడిపిన మెత్తటి టైరు చూడటానికి కొత్తదిలాగే ఉంటుంది గానీ గోరు దిగదు, కాబట్టి మిగిలిన టైర్లను నల్ల కవరులో చుట్టి ఇంట్లో చల్లని గదిలో పెట్టాలి, ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే.

బిగించే ముందు వాల్వ్ మీద సబ్బు నీరు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, వాల్వ్‌కు మూత తప్పక పెట్టాలి. చక్రం బోల్టులను టార్క్ రెంచితో (బిగింపు కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పినంతే బిగించాలి, ఉదాహరణకు పోలో కారుకు 120 న్యూటన్ మీటర్లు. మొదటి పరుగు తర్వాత మళ్లీ సరిచూడాలి.

స్టేజీకి వెళ్లే దారిలో కారును అటూ ఇటూ ఊపి టైర్లు వేడి చేయాలనుకోవడం దండగ. పైపైన కాలి లోపల పచ్చిగా ఉన్న బజ్జీలా తయారవుతుంది టైరు, పైగా ఆ దారి మామూలు వాహనాలు తిరిగే దారి. ఖాళీగా ఉన్న చోట బ్రేకు గట్టిగా పట్టి వదులుతూ వెళ్తే డిస్కు వేడి రిమ్ముకు, రిమ్ము నుంచి లోపలి గాలికి చేరుతుంది.

పోటీకి ముందు చేసే దారి పరిశీలనలో మలుపుల లోపలి అంచులు చూసుకోవాలి. ముందు వెళ్లిన కార్లు అంచు కోసి మట్టిని తారు మీదకు ఈడుస్తాయి, రెండోసారి అదే స్టేజీకి వచ్చేసరికి అక్కడ పట్టు సగం ఉండదు. మన పల్లె రోడ్ల మీద తొక్కించడానికి పరిచిన ఉలవ చేను, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు చితికిన తోతాపురి కాయలు కూడా అలాంటివే, వాటి మీద ఎంత మంచి రబ్బరైనా నిలవదు. వాన పడితే టైరు అంతగా వేడెక్కదు, గాలి పెరగదు, కాబట్టి చల్లగా ఉన్నప్పుడే రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టాలి, అప్పుడే ట్రెడ్ మీది గాడులు తెరుచుకుని నీటిని బయటికి తోస్తాయి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క: స్టేజీ మధ్యలో అది చల్లగానే ఎక్కుతుంది, కనుక మిగతావాటి ఉదయపు గాలి కంటే రెండు మూడు ఎక్కువ నింపి, దాని మీద సుద్దతో ఆ అంకె రాసి డిక్కీలో బిగించాలి.