ఫోర్ వీల్ వేయగానే పాత జీపు బిగుసుకుపోతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య

టూ వీల్‌లో (వెనుక చక్రాలకే శక్తి అందేటప్పుడు) ఎంత దూరమైనా సాఫీగా నడిచే పాత జీపు, తారురోడ్డు మీద ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ శక్తి) వేసి కాస్త దూరం వెళ్ళేసరికే బ్రేకు పట్టేసినట్టు బిగుసుకుపోతుంది. టైర్లు కీచుమంటాయి, బండి కుదుపులతో సాగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్ళకు శక్తి పంచే గేరు పెట్టె) లివరు ఎంత ప్రయత్నించినా తిరిగి టూ వీల్‌లోకి రాదు. బురదలోనూ ఇసుకలోనూ టైర్లు జారి ఆ బిగువును వదిలించేస్తాయి కాబట్టి అక్కడ లోపం అంతగా బయటపడదు. లివరు ఇరుక్కుందనగానే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పించడం మామూలుగా జరిగేదే కానీ, దాని జోలికి వెళ్ళే ముందు రెండు యాక్సిళ్ళ గేర్ రేషియోలు (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకెలు) లెక్క చూసుకోవాలి.

కారణం

సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనుక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని బండి గట్టి రోడ్డు మీద మలుపుల్లో కొంత బిగుసుకోవడం సహజం. తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా వెంటనే బిగుసుకుంటే మాత్రం అది సహజం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ సైనిక జీపు యాక్సిల్ రేషియో 4.88, అంటే క్రౌన్‌కు (యాక్సిల్‌లోని పెద్ద గేరు) 39 పళ్ళు, పినియన్‌కు (దాన్ని తిప్పే చిన్న గేరు) 8. యుద్ధం తరువాత వచ్చిన సీజే-2ఏ పౌర జీపుకు 5.38, అంటే 43 పళ్ళకు 8. బయటికి ఒకేలా కనిపించే ముందు యాక్సిల్‌ను సైనిక జీపు నుంచి తెచ్చి సీజేకు బిగిస్తే బోల్టులన్నీ చక్కగా కూర్చుంటాయి, తేడా లోపల దాగి ఉంటుంది. ఫోర్ వీల్‌లో రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిళ్ళకు శక్తి తెచ్చే కడ్డీలు) ఒకే వేగంతో తిరగాలి గనుక, అవి 100 చుట్లు తిరిగేసరికి ముందు చక్రాలు సుమారు 20.5 చుట్లు, వెనుక చక్రాలు 18.6 చుట్లు తిరగాలని చూస్తాయి. ఆ కాస్త దూరంలోనే ముందు వెనుకల మధ్య దాదాపు నాలుగు మీటర్ల తేడా వస్తుంది. టైర్లు జారితే సరి, లేకపోతే ఆ ఒత్తిడంతా యూనివర్సల్ జాయింట్లు, షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది.

అరిగిన టైర్లు, కొత్త టైర్లు కలిపి వేసినా ఇలాగే బిగుస్తుంది కానీ, ఆ తేడా సాధారణంగా ఇంత పెద్దది కాదు. కొన్ని ఫోర్డ్ పికప్‌లలో కంపెనీయే ముందు 4.09, వెనుక 4.10 ఇచ్చింది, అంత స్వల్ప తేడాతో ఇబ్బంది లేదు. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొన్ని ఆరు గేర్ల సుబారు ఎస్‌టీఐ కార్లలో ముందు 3.90, వెనుక 3.545 ఉన్నా, వెనుక అంకెను మధ్యలోని 1.1 ట్రాన్స్‌ఫర్ గేరుతో గుణిస్తే రెండూ కలిసిపోతాయి.

నిర్ధారణ

చదునైన నేల మీద నేల తాకే చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసు లివరు టూ వీల్‌లో ఉంచి, వెనుక ఒక్క చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు వెనుక షాఫ్టునే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వదలాలి. పైగా ఒక వెనుక చక్రం గాల్లో ఉంటే ఆ బ్రేకు బండిని ఆపలేదు, అందుకే దిమ్మలు తప్పనిసరి. టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గుర్తు పెట్టి చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పితే, షాఫ్టు 5.38కు దాదాపు 54 చుట్లు, 4.88కు దాదాపు 49 చుట్లు తిరుగుతుంది. వెనుక చక్రాన్ని దించి, లివరు టూ వీల్‌లోనే ఉంచి ముందు యాక్సిల్‌కు కూడా ఇలాగే చూడాలి. ముందు చక్రాలకు లాక్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే అమరిక) ఉంటే లాక్ చేయడం మరచిపోకూడదు.

పరిష్కారం

లివరు ఇరుక్కుంటే నెమ్మదిగా తిన్నగా వెనక్కి నడపడం చాలాసార్లు పనిచేస్తుంది. మరమ్మతు అయ్యేదాకా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి పెట్టడం మంచిది, అప్పుడు పొరపాటున కూడా ఫోర్ వీల్ పడదు. శాశ్వత పరిష్కారం ఒకటే: రెండు రేషియోలూ ఒకటి చేయడం. సరైన రేషియో ఉన్న యాక్సిల్ మొత్తంగా దొరికితే అదే సులువు. లేదంటే క్రౌన్, పినియన్ జతగా మార్చాలి, విడివిడిగా ఎప్పుడూ కలపకూడదు. పినియన్ లోతు షిమ్‌లనే పలుచని రేకులతో, పళ్ళ మధ్య ఖాళీ డయల్ గేజితో సరిచూసి, పళ్ళకు రంగు పూసి ఒరిపిడి గుర్తు చూసే మెకానిక్కుకే ఈ పని అప్పగించాలి. వెనుక రేషియో మారిస్తే, ఈ జీపుల్లో స్పీడోమీటరు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచే తిరుగుతుంది కాబట్టి, దాని గేరు కూడా మార్చవలసి ఉంటుంది.