చంటిబిడ్డకు పాస్‌పోర్టు: దరఖాస్తుకు ముందు సరిచూసుకోవలసిన పేర్లు

చిన్నపిల్లలకు పాస్‌పోర్టు తీసుకోదలచిన తల్లిదండ్రులు పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటు తెరవడానికి ముందు బిడ్డ జనన ధ్రువీకరణ పత్రాన్ని, తమ ఇద్దరి పాస్‌పోర్టులను లేదా ఆధార్ కార్డులను ఒకచోట పెట్టుకుని, వాటిలోని పేర్లను అక్షరం అక్షరం పోల్చి చూడాలి. ఫారం నింపడం, రుసుము కట్టడం, స్లాటు (కేంద్రానికి వెళ్లవలసిన తేదీ, సమయం) తీసుకోవడం ఓపిక ఉంటే ఒక సాయంత్రంలో ముగిసే పనులు. పేర్లలోని తేడాను సరిచేయించడానికి మాత్రం వారాలు పట్టవచ్చు. ఆ తేడా కౌంటరు దగ్గర బయటపడితే బిడ్డను ఎత్తుకుని మళ్లీ రావలసి ఉంటుంది.

ముందుగా జనన ధ్రువీకరణ పత్రం. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన వారికి పుట్టిన తేదీ రుజువుగా ఇదొక్కటే చెల్లుతుందని 2025లో సవరించిన పాస్‌పోర్టు నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, ఈనాటి పసిపిల్లల విషయంలో దీనికి ప్రత్యామ్నాయం లేదు; ఐదేళ్ల లోపు పిల్లలకిచ్చే బాల ఆధార్ చేతిలో ఉన్నా అది ఈ పత్రానికి బదులు కాదు. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుందన్న సంగతిని మన నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి జిల్లాల వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కాపురం దేవరకొండలో ఉండి, తల్లిగారింటి ఆనవాయితీ ప్రకారం కాన్పు మహబూబ్‌నగర్‌లో జరిగితే పత్రం మహబూబ్‌నగర్ నుంచే రావాలి. హైదరాబాదు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు సొంత ఊరి పంచాయతీ కార్యదర్శి ఆ పత్రాన్ని ఇవ్వలేరు. సవరణలకు కూడా జననం నమోదైన కార్యాలయానికే దరఖాస్తు చేయాలి, కాబట్టి ఆ ఊరు దూరమైతే అందుకు తగిన వ్యవధి పెట్టుకోవడం మంచిది.

జననాన్ని 21 రోజులలోపు తెలియజేయాలని చట్టం చెబుతుంది. మన ఇళ్లలో తొట్టెల వేసి పేరు పెట్టేది తరచుగా ఇరవై ఒకటో రోజునే కావడం వల్ల, ఆసుపత్రి వివరాలు పంపే నాటికి బిడ్డకు పేరుండదు; ఫలితంగా పేరు గడి ఖాళీగా ఉన్న పత్రాలు మన దగ్గర చాలా కనిపిస్తాయి. నమోదైన నాటి నుంచి 12 నెలలలోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు. ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేర్పించుకోవచ్చు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేది పేరు చేరిన పత్రంతోనే కావాలి. జననమే నమోదు కాకుండా ఏడాది దాటిపోయిన పక్షంలో జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది గనుక, అలాంటి వారు ప్రయాణం తేదీ అనుకోవడానికి ముందే ఆ పని మొదలుపెట్టాలి.

పేరు చేర్పించేటప్పుడు ఇంటిపేరు గురించి ఇంట్లో ఒక నిర్ణయానికి రావాలి. మనవాళ్లు ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా ముందు పెట్టి రాయడానికి, లేదా అసలు రాయకుండా వదిలేయడానికి అలవాటు పడ్డారు. పాస్‌పోర్టు ఫారంలో బిడ్డ పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు వేరొక గడి ఉంటాయి. పొడి అక్షరాలను విడదీసి పూర్తిగా రాయాలి. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలినా పాస్‌పోర్టు రావచ్చు గానీ, ఒంటిపేరుతో వచ్చిన పాస్‌పోర్టు విదేశాలలో చిక్కులు తెస్తుంది. ఒంటిపేరు పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, అసలు పేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అనే మూడక్షరాలు చేరతాయి. ఆ తరువాత బడిలోనూ బ్యాంకులోనూ దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఈ రెండు గడులకూ సరిపోయేలా జనన ధ్రువీకరణ పత్రంలోనే పూర్తి ఇంటిపేరును, బిడ్డ పేరును రాయించుకోవడం అన్నిటికంటే తేలికైన మార్గమని నా అభిప్రాయం. ముద్దుపేరు ఎంత ప్రియమైనదైనా ఈ పత్రం దాకా రానివ్వకూడదు.

తల్లిదండ్రుల పేర్లలో తల్లి పేరే ఎక్కువగా తేడా పడుతుంది. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి తరువాత మార్చిన ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, ఆసుపత్రి రికార్డులో ఇంటిపేరే లేని ఉత్త పేరు ఉండటం మామూలే. తల్లి ఇంటిపేరు బిడ్డ ఇంటిపేరుతో కలవకపోవడం దోషం కాదు. తల్లి పేరు ఒక కాగితంలో ఒకలా, మరొక కాగితంలో ఇంకొకలా ఉండటమే సమస్య. అందువల్ల జనన ధ్రువీకరణ పత్రంలో తల్లి పేరును ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాలి. దంపతుల పాస్‌పోర్టులలో ఒకరి పేరు మరొకరి దానిలో భర్త లేదా భార్యగా నమోదై ఉంటే బిడ్డ పని చాలా సులభమవుతుంది. వీలైతే ముందుగా తమ పాస్‌పోర్టులను ఆ విధంగా తిరిగి జారీ చేయించుకుని, ఆ తరువాత బిడ్డకు దరఖాస్తు చేయడం మంచిది.

ఈ కాగితాలు కుదిరాక దరఖాస్తు. గవ్ డాట్ ఇన్ అని ముగిసే పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో గానీ, ఎం పాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గానీ మాత్రమే నమోదు చేసుకోవాలి. అదే పోలికతో ఉండి ఎక్కువ డబ్బు వసూలు చేసే నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి. ఇంటర్నెట్ సెంటరులో నింపించుకునేవారు మొబైల్ నంబరు, ఈమెయిల్ తమవే ఇచ్చారో లేదో చూసుకోవాలి, ఎందుకంటే తరువాతి సందేశాలన్నీ వాటికే వస్తాయి. మొదటి పాస్‌పోర్టు కాబట్టి ‘ఫ్రెష్’ అన్నదాన్ని, 36 పేజీల పుస్తకాన్ని ఎంచుకోవాలి. సాధారణ రుసుము రూ.1,000, ఎనిమిదేళ్ల లోపు పిల్లల కొత్త దరఖాస్తుకు పది శాతం తగ్గింపు ఉంది కాబట్టి రూ.900 అవుతుంది. పాస్‌పోర్టు త్వరగా ఇచ్చే తత్కాల్‌లో ఈ తగ్గింపు లేదు, పైగా రూ.2,000 అదనం. చిరునామా రుజువు బిడ్డ పేరుతో ఉండనవసరం లేదు. తల్లి లేదా తండ్రి పేరుతో ఉన్నది సరిపోతుంది.

తల్లిదండ్రులిద్దరి సమ్మతిని తెలిపే అనెక్జర్ డి అనే పత్రాన్ని వెబ్‌సైటు నుంచే ముద్రించుకుని ఇద్దరూ సంతకం చేయాలి. ఒకరి సమ్మతి దొరకని పరిస్థితిలోనూ, ఒంటరిగా బిడ్డను పెంచుతున్నప్పుడూ అనెక్జర్ సి ఇవ్వాలి. భర్త విదేశంలో ఉద్యోగం చేస్తూ, భార్యాబిడ్డలు ఇక్కడ ఉన్న కుటుంబాలు మన వైపు తక్కువేమీ కాదు. అలాంటప్పుడు ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రాన్ని పంపాలి, ఇక్కడున్న తల్లి అనెక్జర్ డి ఇవ్వాలి. వాట్సాప్‌లో వచ్చిన సంతకం ఫొటోతో పని జరుగుతుందని ఆశించకూడదు.

స్లాటు కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలను ముందుగా చూడాలి. పసిబిడ్డతో హైదరాబాదు దాకా ప్రయాణం చేయడం కంటే దగ్గరి కేంద్రంలో కొన్ని రోజులు ఆలస్యంగా స్లాటు దొరికినా అదే మేలు. అక్కడ ఖాళీ లేకపోయినా, తొందర ఉన్నా హైదరాబాదు పాస్‌పోర్టు సేవా కేంద్రాలను ఎంచుకోవచ్చు. వాటిలో ఒకటి 2025 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మెట్రో స్టేషనుకు మారినందున, మన బస్సులు దిగే చోటే పని ముగించుకోవచ్చు. కుదరకపోతే స్లాటును ఏడాదిలోపు మూడుసార్ల వరకు మార్చుకునే వీలుంది. పిల్లలకు జ్వరం వచ్చిన రోజున మొండిగా బయలుదేరవలసిన అవసరం లేదు.

కేంద్రానికి బిడ్డను తప్పక తీసుకుని వెళ్లాలి. నాలుగేళ్ల లోపు బిడ్డకు 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 సెంటీమీటర్ల వెడల్పుతో, తెల్లని నేపథ్యంలో తీసిన తాజా ఫొటో వెంట ఉంచుకోవాలి. కళ్లు తెరిచి ఉండాలి, పట్టుకున్నవారి చెయ్యి కనిపించకూడదు. నల్లపూసల దండ, దిష్టిచుక్క ఆ ఒక్క ఫొటోకు తీసేయడం మంచిది. ఇంట్లో తెల్ల దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టి పైనుంచి తీస్తే స్టూడియో కంటే బాగా వచ్చే సందర్భాలున్నాయి. అన్ని పత్రాల అసలు ప్రతులు, తల్లి లేదా తండ్రి సంతకం చేసిన జిరాక్సులు, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, స్లాటు రసీదు ఒక సంచిలో, బిడ్డ పాలసీసా, గుడ్డలు మరొక సంచిలో పెట్టుకుంటే కౌంటరు దగ్గర వెతుకులాట ఉండదు. బయటికి రాకముందే రసీదు మీద అచ్చయిన బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లను చదివి చూసుకోవాలి, ఎందుకంటే తప్పును అప్పటికప్పుడు చెప్పి దిద్దించుకోవడం సులువు.

తల్లిదండ్రులకు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టులు ఉండి, అనెక్జర్ డి జతచేస్తే సాధారణంగా పోలీసు విచారణ ఉండదు. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో ఇంటికి వస్తుంది గనుక చిరునామాలో ఇంటి నంబరు, పిన్‌కోడ్ సరిగా ఉండాలి. చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. చాలా దేశాలు ప్రయాణ సమయానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని కోరతాయి కాబట్టి, నాలుగున్నరేళ్లు గడిచేసరికి తిరిగి జారీకి దరఖాస్తు చేయాలి. అప్పుడు పాత పాస్‌పోర్టుతో పాటు అనెక్జర్ డి మళ్లీ కొత్తగా సంతకం చేసి ఇవ్వాలి, ఎనిమిదేళ్ల లోపు తగ్గింపు మాత్రం కొత్త దరఖాస్తుకే గాని ఈ తిరిగి జారీకి వర్తించదు.