పాల కూలర్ బోర్డు రీసెట్లు ఆగాయి: నా అనుభవం

చిత్తూరు దగ్గర పాల కూలర్‌కు పెట్టిన ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) బోర్డు, మోడెమ్ డేటా పంపేటప్పుడు వాచ్‌డాగ్ (బోర్డు స్పందించకపోతే దాన్ని రీస్టార్ట్ చేసే టైమర్) వల్ల రీసెట్ అయ్యేది. స్టాక్ (టాస్క్‌కు కేటాయించే మెమరీ) పెంచినా, డిలేలు మార్చినా, టెంపరేచర్ టాస్క్ ప్రయారిటీ ఇంకా పెంచినా లాభం లేకపోయింది.

సెన్సర్, మెమరీ చిప్ రెండూ ఒకే ఐ2సీ లైన్ (చిప్‌లు డేటా పంచుకునే వైర్లు) మీద ఉన్నాయి, దానికి కాపలా బైనరీ సెమాఫోర్ (ఒకసారికి ఒక్క టాస్కే పట్టుకోగల తాళం లాంటిది). ప్రయారిటీ 1 (నంబర్ పెద్దదైతే ప్రయారిటీ ఎక్కువ) లాగింగ్ టాస్క్ దాన్ని పట్టుకుని ఉండగా, ప్రయారిటీ 2 మోడెమ్ టాస్క్ మధ్యలో దూరేది. ప్రయారిటీ 4 టెంపరేచర్ టాస్క్ అలా ఎదురుచూస్తూనే ఉండేది, అందుకే వాచ్‌డాగ్ రీసెట్ చేసేది.

ముందు కాన్ఫిగ్‌లో మ్యూటెక్స్‌లు (పట్టుకున్న టాస్క్‌కు ఎదురుచూసే టాస్క్ ప్రయారిటీ ఇచ్చే తాళాలు) ఆన్ చేశాను. తర్వాత సెమాఫోర్ బదులు మ్యూటెక్స్ క్రియేట్ చేసి, మొదట్లో ఉన్న 'గివ్' (తాళం వదిలే) లైన్ తీసేశాను. మ్యూటెక్స్‌కు అది అక్కర్లేదు. ఇప్పుడు టెంపరేచర్ టాస్క్ ఎదురుచూస్తే, లాగింగ్ టాస్క్‌కు ఆ 4 ప్రయారిటీ తాత్కాలికంగా వస్తుంది, పని త్వరగా ముగించి వదిలేస్తుంది.

ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ సంకేతం రాగానే నడిచే కోడ్) నుంచి గివ్ చేసే కోడ్‌కు మ్యూటెక్స్ పనికిరాదు. మ్యూటెక్స్ పట్టుకున్న టాస్కే డిలేలోకి వెళ్తే కూడా దీనివల్ల ఉపయోగం ఉండదు.