ఒళ్ళు తెలియనప్పుడు ఒంటిని ఎలా చూసుకోవాలి?

గంజి వారుస్తుంటే చేతి మీద పడింది. పడడం చూశాను, మంట మాత్రం తెలియలేదు. సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇదేంటే, ఇంతంత బొబ్బలు?" అనేదాకా ఆ సంగతే గుర్తులేదు. ఆ రోజు గాలి బాగా వీస్తోంది, దొడ్లో కొబ్బరి మట్టలు కొట్టుకుంటున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా ఒంట్లోంచి నేను కాస్త పక్కకు జరిగిపోతాను.

డాక్టర్లు దీన్ని డిసోసియేషన్ అంటారు. తప్పించుకునే దారి లేనప్పుడు మెదడు నొప్పినీ భయాన్నీ దూరం పెట్టి మనిషిని కాపాడుతుంది. ప్రమాదం పోయాక కూడా ఆ అలవాటు పోదు, అదీ చిక్కు. కారణం తుపానే కానక్కర్లేదు. చిన్నప్పుడు ఎవరో చేసిన పాడు పని, ఇంట్లో తిన్న దెబ్బలు, రోడ్డు ప్రమాదం, ఏదైనా కావచ్చు. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు. తాయెత్తుతో నాకు పేచీ లేదు గానీ, ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. కొన్ని రకాల ఫిట్స్, షుగర్ పడిపోవడం కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి.

1. ఆకలయ్యేదాకా ఆగొద్దు

ఆకలి, దాహం, చలి, టాయిలెట్‌కి వెళ్ళాలనిపించడం మనకు వేళకు తెలియవు. మధ్యాహ్నం వెయ్యాల్సిన ఆకలి రాత్రి పదింటికి కళ్ళు తిరిగితే గానీ తెలియదు. అందుకని ఒళ్ళు అడిగినా అడక్కపోయినా వేళకు పెట్టెయ్యాలి.

ఫోన్లో అలారం పెట్టుకోమంటారు. నేను దాన్ని నొక్కేసి మళ్ళీ గోడ చూస్తూ కూర్చునేదాన్ని. నాకు పనికొచ్చింది బయటి చప్పుళ్ళు. పొద్దున్నే గుడి మైకు మొదలైతే గ్లాసుడు నీళ్ళు. స్కూలు బస్సు హారన్ కొడితే టిఫిన్, లేకపోతే పెరుగు కలిపిన చద్దన్నం. సాయంత్రం పాలతను సైకిల్ బెల్లు కొడితే టాయిలెట్‌కి వెళ్ళొచ్చి మజ్జిగ. మీ వీధిలో రోజూ వినిపించేవి మీరే ఎంచుకోండి. ముద్ద దిగని రోజు నాలుగు ముద్దలైనా చాలు. మన ఉక్కపోతకు చెమట రూపంలో ఎంత నీరు పోతుందో తెలియదు కాబట్టి మూత్రం రంగు చూడండి, ముదురు పసుపైతే ఇంకా తాగాలి.

2. స్నానం

చాలామందికి అన్నిటికంటే కష్టం ఇదే, ఎవరూ పైకి చెప్పరు. బట్టలు విప్పాలి, తలుపు మూసిన గదిలో ఉండాలి, సబ్బు నురగకు కళ్ళు మూసుకోవాలి. భయపడిన ఒంటికి ఇవేవీ చిన్నవి కావు.

తల మీద చెంబుతో గుమ్మరించుకోవద్దు. పాదాలతో మొదలుపెట్టి మోకాళ్ళు, చేతులు, ఆ తర్వాత పైకి రండి. "ఇది నా మోకాలు, దీన్ని కడుగుతున్నాను" అని పైకి అనుకోండి. మొదట్లో నాకే నవ్వొచ్చింది, కానీ పనిచేసింది. మొహం చివర్లో, తడిగుడ్డతో తుడుచుకుంటే కళ్ళు మూసుకునే అవసరం రాదు. తలస్నానం వేరే రోజు పెట్టుకోవచ్చు. అసలే కుదరని రోజు చంకలు, గజ్జలు, పాదాలు తడిగుడ్డతో తుడుచుకుని ఉతికిన బట్టలు కట్టుకుంటే ఆ రోజుకు స్నానం అయినట్టే.

3. జారిపోతున్నట్టు తెలిస్తే

మాటలు దూరం నుంచి వినిపిస్తున్నా, చేతులు మీవి కానట్టు కనిపించినా, కళ్ళు మాత్రం మూయొద్దు. కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమని ఎవరైనా చెప్పినా సరే, మనలాంటి కొందరికి దానివల్ల ఇంకా ఎక్కువవుతుంది. చెప్పులు విడిచి అరికాళ్ళు గచ్చుకు ఆనించండి. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పండి. నిమ్మచెక్క వాసన చూడండి. ఈ రోజు తేదీ, సంవత్సరం, ఊరి పేరు పైకి అనండి. తెలివి తెచ్చుకోవడానికి గిల్లుకోవడం, కాల్చుకోవడం వద్దు.

ఆ పూట కాలవ గట్టు మీద బండి నడపొద్దు. రేవులో దిగొద్దు, ఏరు దాటించే పంటు ఎక్కాల్సి వస్తే ఒంటరిగా వెళ్ళొద్దు. పొయ్యి కట్టేశామో లేదో చేత్తో తిప్పి చూసుకోండి.

4. రాత్రి ఒకసారి వెతుక్కోవడం

నొప్పి తెలియదు కాబట్టి దెబ్బను కంటితోనే పట్టుకోవాలి. పడుకునే ముందు లైటు కింద అరికాళ్ళు, వేళ్ళ సందులు, మోచేతులు చూసుకోండి. కత్తిపీట గాట్లు, మట్టల గీతలు అప్పుడే దొరుకుతాయి. కాలితే వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి, టూత్‌పేస్ట్ రాయొద్దు. మట్టిలో గాయమైతే టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.

5. ఆసుపత్రిలో

పన్ను చూపించుకోవడం, ఆడవాళ్ళ పరీక్షలు ఏళ్ళ తరబడి వాయిదా వేస్తాం. ఒకసారి ఒక డాక్టరు చెప్పకుండా నా మెడ పట్టుకుంటే తర్వాత అరగంట ఏం జరిగిందో నాకు తెలియదు. అప్పటినుంచి చీటీ రాసుకెళ్తున్నాను: "ముట్టుకునే ముందు చెప్పండి. చెయ్యి ఎత్తితే ఆపండి." కారణం చెప్పనక్కర్లేదు. తోడు ఒకరు ఉంటే మంచిది, డాక్టరు చెప్పింది గుర్తుపెట్టుకోవడానికైనా.

ఇవన్నీ రోజు గడవడానికి. లోపలి గాయానికి సైకియాట్రిస్టో సైకాలజిస్టో కావాలి. మొదటి రోజే జరిగిందంతా చెప్పెయ్యాలని లేదు, ముందు తిండి, నిద్ర కుదుటపరచుకోవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆ నంబరుకు చెయ్యండి, పక్కన ఉన్నవాళ్ళను లేపండి.

6. ఇంట్లోవాళ్ళకు

కుదపొద్దు, చెంప మీద కొట్టొద్దు, మొహాన నీళ్ళు చల్లొద్దు. ఎదురుగా వచ్చి పేరు పెట్టి పిలవండి. మా అమ్మకు ఇది అలవాటవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు గుమ్మంలోనే ఆగి, గ్లాసును తలుపుకు రెండుసార్లు టకటకమని కొట్టి, "అమ్మనే, కాఫీ తెచ్చాను" అని చెప్పి లోపలికి వస్తుంది.