అక్టోబర్ 31 లోపు గ్రామర్ స్కూల్ ఫారం పంపే ముందు చూసుకోవాల్సినవి

ఇంగ్లండ్‌లో పాపతో ఎలెవన్ ప్లస్ (పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ హైస్కూళ్లు, అంటే గ్రామర్ స్కూళ్ల ఎంట్రన్స్) రాయించినవాళ్ల కోసం ఇది.

– స్కూళ్ల పేర్లు ఇష్టమైన వరుసలో రాసే ఈ ఫారంలో అన్ని గడుల్లోనూ గ్రామర్ స్కూళ్లే రాయకండి. పాసవడం వేరు, సీటు రావడం వేరు. ఒక్కదాంట్లోనూ రాకపోతే మార్చి 1న కౌన్సిల్ (మీ ఊరి స్థానిక ప్రభుత్వం) ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇస్తుంది, అది మీరెప్పుడూ చూడని స్కూలు కావచ్చు, కాబట్టి సీటు దాదాపు ఖాయమనుకునే దగ్గర్లోని మామూలు స్కూలు ఒకటి చివర్లోనైనా పెట్టండి.

– నిజంగా ఇష్టమైనదే మొదట రాయండి. మీరు ఎన్నో నంబరులో పెట్టారో చూసి స్కూళ్లు సీటివ్వవు, అర్హత వచ్చినవాటిలో మీ లిస్టులో పైనున్నదే ఇస్తారు. దయచేసి ఇక్కడ లెక్కలు వేయొద్దు.

– ప్రతి స్కూలు అడ్మిషన్ రూల్స్ విడిగా చదవండి. కొన్ని మార్కుల వరుస చూస్తాయి, కొన్ని పాసైనవాళ్లలో ఇంటి దూరం చూస్తాయి.

– బడి టైముకే బస్సులోనో రైల్లోనో పాపతో ఒకసారి వెళ్లి రండి. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, పదకొండేళ్ల పిల్ల రెండు బస్సులు మారాలంటే మనకే టెన్షన్.

– అమ్మాయిల స్కూలా, అందరూ కలిసి చదివేదా? పాపనే అడగండి, ఏడేళ్లు వెళ్లేది తను.