నీరసంగా పుట్టిన బాతుపిల్లని నిలబెట్టడం ఎలా

కోడిగుడ్డు పిల్లవడానికి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. గుడ్ల కోసం పెంచే బాతులు పొదుగు మీద సరిగ్గా కూర్చోవు కాబట్టి, ఇళ్లలో వాటి గుడ్లని నాటుకోడి కింద పెట్టేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. నాలుగైదు పిల్లలు బయటికి రాగానే కోడి వాటిని వెంటేసుకుని లేచిపోతుంది. ఆఖరున గుడ్డు పగలగొట్టుకున్న పిల్ల తడిగా, చల్లగా గంపలో ఉండిపోతుంది.

ముందు అది నిజంగా నీరసమా కాదా చూడండి. పుట్టిన మొదటి రోజు ఏ బాతుపిల్లైనా ఎక్కువసేపు పడుకునే ఉంటుంది, లేచినా తూలుతుంది. అది మామూలే. కాళ్లు చల్లగా ఉండటం, తల ఎత్తలేకపోవడం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం, పట్టుకున్నా అరవకపోవడం, ఇవీ ప్రమాదం గుర్తులు.

ఇలాంటి పిల్ల కనబడగానే చాలామంది నోట్లో నీళ్లో పాలో పోస్తారు. పిల్ల చచ్చిపోయేది దానివల్లే. ఒళ్లు చల్లబడిన పిల్ల సరిగ్గా మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు అసలు పక్షుల తిండే కాదు. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆఖరున మేత. ఈ వరస తప్పకూడదు.

మెత్తటి నూలు గుడ్డతో తడి అద్ది, పెద్ద అట్టపెట్టెలో ఒక మూల 40 లేదా 60 వాట్ల పాతకాలపు గుండు బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే కానీ పిల్లకి చాలినంత వేడి ఇవ్వదు. బల్బుకీ అట్టకీ మధ్య అడుగు దూరం ఉండాలి, జారిపడకుండా తీగతో కట్టాలి. పిల్ల వీపు ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీల వేడి చాలు, రెండో వారం నుంచి వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. పెట్టెలో రెండో కొస చల్లగా వదిలేయండి. బలంగా ఉన్న పిల్లైతే ఉక్కపోయగానే అటు జరుగుతుంది, నీరసంగా ఉన్నది జరగలేదు, కాబట్టి మొదటి కొన్ని గంటలు అరగంటకోసారి మీరే చూడాలి. నోరు తెరిచి రొప్పుతుంటే బల్బు పైకి లాగండి, ముడుచుకుని గట్టిగా అరుస్తుంటే కిందికి దించండి. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

కాళ్లు మీ మణికట్టుకి వెచ్చగా తగిలాక నీళ్లు. అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా పంచదార కలిపి, ముక్కు కొస మాత్రం ముంచండి. గుటక వేస్తే సరే. లేకపోతే ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్క అంచు మీద ఒక్కో చుక్క వదిలి, అది మింగాకే ఇంకోటి వదలండి. విడతకి ఐదారు చుక్కలు, గంటకో రెండు గంటలకో ఒకసారి. గొంతులోకి పిచికారీ చేయకండి, గాలిగొట్టం నోరు సరిగ్గా నాలుక మొదట్లోనే ఉంటుంది. పంచదార నీళ్లు మొదటి రోజుకే, ఆపైన విరేచనాలు పట్టుకుంటాయి.

మేతకి తొందర లేదు. పుట్టేముందు కడుపులోకి లాక్కున్న పచ్చసొన ఒకటి రెండు రోజులు దాన్ని నడిపిస్తుంది. ఆ తర్వాత కోడిపిల్లల స్టార్టర్ మేతని నీళ్లలో జావలా కలిపి, ఉడికించిన గుడ్డు పచ్చసొన కొంచెం చిదిమి వేయండి. మందులు కలపని మేత దొరికితే అదే కొనండి. నూకలన్నం ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది కానీ కాళ్లు నిలవవు. బాతుపిల్లకి నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. అది తక్కువైతే మోకీళ్లు వాచి, కాళ్లు వంకరపోతాయి. మందులషాపులో దొరికే బి కాంప్లెక్స్ మాత్ర అట్ట మీద నికోటినమైడ్ (నియాసిన్‌కే ఇంకో రూపం) ఎంతుందో చదివి, లీటరు తాగే నీళ్లకి 50 మిల్లీగ్రాములు వచ్చేలా పొడి చేసి కలపండి, ఏ రోజుకా రోజు నీళ్లు మార్చండి.

బూజు వాసన వచ్చే మొక్కజొన్న, పాత వేరుశెనగ చెక్క దగ్గరికి కూడా రానివ్వకండి. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుశెనగ చెక్క తిని టర్కీ కోళ్లు వేలకు వేలు చచ్చాయి, బాతుపిల్లలూ పోయాయి. అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది ఆ గొడవతోనే. దానికి చాలా తొందరగా లొంగిపోయే జీవాల్లో బాతుపిల్ల ఒకటి.

న్యూస్‌పేపరు మీద పెంచితే జారి కాళ్లు చెరో పక్కకి పోతాయి. గరుకైన పాత తువ్వాలు పరవండి, దారాలు లేచింది వద్దు, వేళ్లకి చుట్టుకుంటాయి. అప్పటికే కాళ్లు విడిపోయి ఉంటే, సన్నగా కత్తిరించిన బ్యాండేజీ పట్టీతో రెండు కాళ్లనీ మడమ పైన ఎనిమిది అంకెలా కలిపి చుట్టండి, మధ్యలో సుమారు అంగుళం ఎడం ఉండాలి. మొదటి రెండు రోజుల్లో కడితే సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. వారం దాటాక ఎముక గట్టిపడుతుంది, అప్పుడు పెద్దగా లాభం ఉండదు.

బొడ్డు దగ్గర పచ్చసొన కొద్దిగా బయటికి కనబడితే లాగకండి, నొక్కకండి. పుండ్లకి రాసే పొవిడోన్ అయోడిన్ మందు అద్ది, శుభ్రమైన గుడ్డ మీద ఉంచితే చాలాసార్లు లోపలికే పోతుంది. పొట్ట ఉబ్బి దుర్వాసన వస్తే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

మన ఇళ్లలో మరిచిపోయే శత్రువు చీమ. కదలలేని పిల్లని రాత్రికి రాత్రే పట్టేస్తాయి. పెట్టెని చిన్న స్టూలు మీద పెట్టి, దాని కాళ్లని నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంచండి. చీమలమందు గీతలు మాత్రం గీయకండి, పిల్ల వాటినీ పొడుస్తుంది.

బాతే కదా అని బేసిన్‌లో వదలకండి. తల్లి బాతు రెక్కల కింద దొరికే నూనె పూత దీనికి లేదు, తడిసి మళ్లీ చల్లబడుతుంది. తాగే పళ్లెంలో ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉంచి, గులకరాళ్లు వేస్తే చాలు.

రోజూ ఒకే వేళకి కిచెన్ కాటా మీద తూచండి. మొదటి ఒకటి రెండు రోజులు బరువు తగ్గినా కంగారు లేదు, మూడో రోజు నుంచి పెరగాలి. తనంతట తాను తిని తాగుతూ, రెండు రోజులు తూలకుండా తిరిగాక మిగతా పిల్లల్లో కలపవచ్చు. చీకటి పడ్డాక, కోడి కునుకులో ఉన్నప్పుడు చేయి జాపి రెక్క కిందకి తోసేయండి. తెల్లారాక కోడి పొడుస్తోందేమో ఒక గంట అక్కడే ఉండి చూడండి.