జూలై రద్దీకి ముందే మీ సిస్టమ్‌లో యాంటీవైరస్ బతికుందో లేదో చూస్కోండి

జూన్ ఆఖరు నుంచి మన హైదరాబాద్‌లో పెన్‌డ్రైవ్‌లకి రెస్ట్ ఉండదు. ఓపక్క ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అని సర్టిఫికెట్లు స్కాన్ చేయించుకునే పిల్లలు, ఇంకోపక్క ఫారం 16 పట్టుకుని ఆడిటర్ దగ్గరికి ఉరికే ఉద్యోగస్తులు (ఐటీ రిటర్న్‌కి మామూలుగా జూలై 31 గడువు, ఒక్కోసారి పొడిగిస్తారు, అది వేరే సంగతి), మధ్యలో మీసేవ, జెరాక్స్ షాపు, హెల్ప్‌లైన్ సెంటర్... ఒకే పెన్‌డ్రైవ్ పొద్దున్నుంచి కనిపించిన ప్రతి సిస్టమ్‌లో దూరి రాత్రికి ఇంటికొచ్చి మన లాప్‌టాప్‌లో దూరుతుంది. సిస్టమ్స్ బాగుచేసే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా, ఈ సీజన్లో వచ్చే కేసుల్లో అన్నిటికన్నా చిరాకు పెట్టేది యాంటీవైరస్‌నే ముందు పడుకోబెట్టేసే రకం వైరస్. దొంగ గోడ దూకగానే ముందు కుక్కకి మత్తుబిస్కెట్ వేస్తాడు చూడండి, అదే పని.

ఇదేం కొత్త విద్య కూడా కాదు. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అప్పట్లోనే యాంటీవైరస్ కంపెనీల సైట్లు ఓపెన్ కాకుండా అడ్డుపడేది, శాలిటీ అనేదైతే యాంటీవైరస్‌ని చంపడంతో ఆగకుండా సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే లేచే పద్ధతి) కూడా వెళ్లనిచ్చేది కాదు. ఇప్పుడొచ్చేవి ఇంకా తెలివిమీరాయి. కంపెనీ అసలు డిజిటల్ సంతకం ఉన్న పాత డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) ఒకటి, దాంట్లో లోపం ఉందని లోకమంతా తెలిసినదే, వెంట తెచ్చుకుని దాని ద్వారా విండోస్ లోపలికంటా వెళ్లి యాంటీవైరస్ ప్రాసెస్‌ని ఆపేస్తాయి. కొన్ని ఆపను కూడా ఆపవు, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ అని స్కాన్ చేయకుండా వదిలేయాల్సినవాటి లిస్ట్ ఒకటి ఉంటుంది, అందులో మొత్తం సీ డ్రైవ్‌ని పెట్టేస్తాయి, అంతే, టాస్క్‌బార్‌లో ఉండే షీల్డ్ బొమ్మ మీద పచ్చ టిక్కు అట్లనే ఉంటుంది, లోపల మాత్రం ఎవరూ ఏమీ చూడట్లేదు. అందుకే పచ్చ టిక్కు చూసి నిశ్చింతగా ఉండొద్దు.

కాబట్టి ఈ వారంలోనే ఓ పది నిమిషాలు కూర్చోండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ తెరవండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, టాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి, రెండోది ముఖ్యం, బయటి ప్రోగ్రామ్‌లు డిఫెండర్‌లోని ముఖ్యమైన సెట్టింగ్స్ మార్చకుండా చూసేది అదే. కిందికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ ఉంటాయి, మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకుని తర్వాత తీసేయండి. ఆ తర్వాత డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్‌లోకి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీ, దాని కింద వల్నరబుల్ డ్రైవర్ బ్లాక్‌లిస్ట్ ఆన్ ఉన్నాయో చూడండి, పైన చెప్పిన డ్రైవర్ ఆటకి అడ్డం అవే. పాత లాప్‌టాప్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ కాకపోవచ్చు, కాకపోతే కానీయండి.

ఒక మాట, డిఫెండర్ ఆఫ్‌లో ఉంటే ప్రతిసారీ వైరస్సే అనుకోవద్దు. వేరే కంపెనీ యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకి జరుగుతుంది. కొత్త లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ ఎప్పుడో అయిపోయి అట్లనే పడి ఉంటుంది చాలామందికి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ మళ్లీ లేస్తుంది. లేవలేదంటే అప్పుడు అనుమానించాలి.

అసలు గుర్తులు ఇవి. షీల్డ్ నొక్కితే విండో తెరుచుకుని రెప్పపాటులో మూసుకుపోవడం. ఇంట్లో వాడే సొంత లాప్‌టాప్‌లో "ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది" అన్న అర్థంతో ఇంగ్లీష్ మెసేజ్ రావడం (ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ ఎవరండీ, మీరే కదా). యూట్యూబ్, క్రికెట్ స్కోర్ అన్నీ వస్తూ యాంటీవైరస్ సైట్లు మాత్రమే ఓపెన్ కాకపోవడం, ఇది హోస్ట్స్ అనే చిన్న ఫైల్లో ఆ సైట్ల పేర్లు రాసి దారి మళ్లించడం వల్ల కావచ్చు. ఇక పెన్‌డ్రైవ్‌లో అయితే ఇంకా సులువుగా తెలిసిపోతుంది: మీ "సర్టిఫికెట్స్" ఫోల్డర్ అట్లనే కనిపిస్తుంది గానీ ఐకాన్ ఎడమ మూల కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజ్ చూస్తే ఒకటో రెండో కేబీ. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్, డబుల్ క్లిక్ చేస్తే ముందు వైరస్ నడిచి ఆ తర్వాత మీ ఫోల్డర్ తెరుచుకుంటుంది, కాబట్టి ఏమీ కానట్టే ఉంటుంది. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాచి పెట్టింది అంతే, ఫార్మాట్ కొట్టేసి ఏడవకండి.

పెన్‌డ్రైవ్ సంగతి తొందరగా చెప్పేస్తా. ప్రింట్ల కోసం వేరే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, అందులో ఆ రోజుకి కావాల్సిన పీడీఎఫ్‌లు తప్ప ఇంకేం వద్దు, ఇంటికొచ్చాక తెరవకుండా రైట్ క్లిక్ చేసి స్కాన్, తర్వాత ఫార్మాట్. ఫోన్ నుంచి షాపు వాళ్లకి పంపేసి ప్రింట్ తీయించుకుంటే ఇంకా మంచిది, కానీ వాళ్ల సిస్టమ్‌లో మన మెయిల్, వాట్సాప్ లాగిన్ చేయొద్దు, ఆధార్, పాన్ ఫైళ్లు అక్కడే నిలబడి డిలీట్ చేయించండి. ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసే తమ్ముళ్లకి ప్రత్యేకంగా: డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ) పొద్దున గుచ్చి రాత్రి పీకే అలవాటు మానండి, సంతకం అవగానే తీసి డ్రాయర్లో పెట్టండి.

ఇంకో దారి క్రాక్‌లు, అంటే కొనకుండా వాడుకునేలా తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్లు. జూలై వస్తే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్, ఆఫీస్ యాక్టివేటర్, పీడీఎఫ్ ఎడిటర్ ఫ్రీ అని వెతుకుతారు. ఆ జిప్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్లో మొదటి లైనే "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని ఉంటుంది, మనమే మన చేత్తో ఆపేసి, అడ్మిన్ పర్మిషన్ అడిగితే యెస్ కొట్టి, తర్వాత వైరస్ ఆపేసింది అంటే ఎట్లా? స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బులు అడిగే రకం) ఎక్కువగా పాకింది ఈ క్రాక్‌ల ద్వారానే. రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకుని అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే ఉంచితే సగం ప్రమాదం అక్కడే ఆగుతుంది, పిల్లలు వాడే సిస్టమ్ అయితే తప్పకుండా చేయండి.

సిస్టమ్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి బ్యాకప్: సర్టిఫికెట్లు, ట్యాలీ డేటా, ఫోటోలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి డిస్క్ పీకేసి బీరువాలో పెట్టండి, గుచ్చే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది. రెండోది ఎవరూ పట్టించుకోరు, విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావరకు డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రేపు సేఫ్ మోడ్‌కో, రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడానికో వెళ్తే 48 అంకెల కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది గానీ ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంది. ఇవాళే లాగిన్ అయి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంత చేసినా తగులుకుందే అనుకోండి. ముందు వైఫై ఆపండి, లాన్ వైరు పీకండి, పెన్‌డ్రైవ్‌లు తీసేయండి. ఇక ఆ నిమిషం నుంచి ఆ సిస్టమ్ ఏం చెప్పినా నమ్మొద్దు, అది "నో థ్రెట్స్" అన్నా సరే, పేరుమోసిన కంపెనీ సపోర్ట్ నంబర్ అని స్క్రీన్ మీద చూపించి ఫోన్ చేయమన్నా సరే. అందులో బ్యాంకు, ఐటీ పోర్టల్ తెరవడం బంద్. ఫోన్ నుంచో ఇంకో మంచి సిస్టమ్ నుంచో ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి మార్చండి, మార్చి ఊరుకోకుండా అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కొట్టండి, ఎందుకంటే ఇప్పటివి పాస్‌వర్డ్‌తో పాటు బ్రౌజర్ కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) కూడా ఎత్తుకుపోతాయి, కుకీ ఉంటే కొత్త పాస్‌వర్డ్ తెలియకపోయినా లోపలికి రావచ్చు.

క్లీనింగ్‌కి విండోస్ సెక్యూరిటీ తెరుచుకుంటే స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టండి, రీస్టార్ట్ అయి విండోస్ మొదలవ్వకముందే ఓ పావుగంట వెతుకుతుంది, వైరస్ నడవట్లేదు కాబట్టి అడ్డుపడలేదు. తెరుచుకోకపోతే మంచి సిస్టమ్‌లో కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్ లాంటిది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతో బూట్ చేయాలి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా ఫ్రీయే, కాకపోతే డౌన్‌లోడ్ చేసిన పది రోజులకే ఎక్స్‌పైర్ అవుతుంది, ముందే దించి దాచుకోవడం దండగ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో కూడా ఫ్రీ టూల్స్ ఉన్నాయి. డబ్బులు పోయి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్లో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

నన్నడిగితే, యాంటీవైరస్‌నే చంపిన వైరస్ వచ్చిన సిస్టమ్‌ని క్లీన్ చేసి వాడటం కన్నా డేటా తీసుకుని మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయడమే నయం, డేటాలో కూడా డాక్యుమెంట్లు, ఫోటోలు తప్ప సెటప్ ఫైళ్లు వెనక్కి తేవొద్దు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇచ్చినా, గల్లీ చివర షాపులో ఇచ్చినా, ఇచ్చేటప్పుడే ఒక మాట గట్టిగా చెప్పండి. ఫార్మాట్ అయ్యాక "సార్, ఆఫీస్ కూడా వేసి ఇవ్వమంటారా" అని అడుగుతారు, ఎక్స్‌ట్రా పైసలు కూడా తీసుకోరు. "వద్దు అన్నా, లిబ్రే ఆఫీస్ వేయి చాలు" అనండి, వాళ్లు ఫ్రీగా వేసే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి యాక్టివేటర్ నడపాలి, యాక్టివేటర్ నడవాలంటే వాళ్లు మొదట ఆపేది డిఫెండర్‌నే.